పొగ మానినవారి దేహంలో నికోటిన్ ఎంతకాలం నిలుస్తుంది? కావలి ప్రాంత పొగాకు సాగుదారుల దృష్ట్యా కొన్ని విషయాలు

కావలి పట్టణం దాటి పడమటి దిక్కుగా కలిగిరి, కొండాపురం మండలాల వైపు సాగేకొద్దీ నేల స్వభావం మారుతుంది. తీరపు ఇసుక నేలలు, రొయ్యల చెరువులు, వరి మడులు వెనుకబడి ఎర్రని తేలిక నేలలు మొదలవుతాయి. మినుము, నువ్వు చేల నడుమ పొగాకు, ఆ పొగాకు చేల అంచున ఎత్తయిన బ్యారన్లు కనిపిస్తాయి. వర్జీనియా పొగాకు పరిభాషలో ఇది దక్షిణ తేలిక నేలల ప్రాంతం. కలిగిరి, డి.సి.పల్లి, కందుకూరు వేలం కేంద్రాలకు చేరే ఆకు ఈ చుట్టుపక్కల ఊళ్లదే.

ఒక ఏడాది జనవరి చివరి వారంలో ఈ ప్రాంతపు గ్రామంలో మినుము సాగుపై జరిగిన రైతు సమావేశం ముగిసిన తరువాత, యాభై దాటిన ఒక రైతు మడత పెట్టిన కాగితంతో నా దగ్గరకు వచ్చారు. అది మూత్రపరీక్ష ఫలితం. మనుమడు పుట్టిననాడు ఆయన చుట్ట మానివేశారు. రెండేళ్లు గడిచాక కుమారుడు ఆయన పేర జీవిత బీమా తీసుకోబోతే, వైద్యపరీక్షలో ‘కోటినిన్ - పాజిటివ్’ అని వచ్చింది. సంస్థ ఆయనను ధూమపాన వర్గంలో చేర్చి ప్రీమియం పెంచింది. ఆయన బాధ ప్రీమియం గురించి కాదు. “సారూ, నోట చుట్ట పెట్టి రెండేళ్లయింది. బ్యారన్ కాడికి పోయి దొంగతనంగా తాగుతా ఉండానని ఇంట్లో అంటా ఉండారు. ఎప్పుడో తాగిన చుట్ట ఇంకా ఒంట్లో ఉంటాదా?” అని అడిగారు.

ఉండదు. ఆ ఒక్క మాట చెప్పి పంపితే ఆయన ఇంట్లో నిందను నేనే రూఢి చేసినవాడినవుతాను. అందుకని, పరీక్షకు ముందు మూడు రోజులు ఏ పని చేశారని అడిగాను. “ఆకు రెలవడమే సారూ. కూలోళ్లు దొరక్క నేనే దిగినా” అన్నారు. ఆయన వేళ్ల సందుల్లో పచ్చాకు జిగురు నల్లగా అట్టకట్టి ఉంది. జవాబు ఆ వేళ్ల మీదే ఉన్నదని నాకు అప్పుడు తోచింది. దానిని వివరించాలంటే మాత్రం దేహంలో నికోటిన్ నడక నుంచి మొదలుపెట్టి పొగాకు మొక్క వేరు దాకా వెళ్లవలసి వస్తుంది.

దేహంలో నికోటిన్ నడక

ఒక సిగరెట్టులోని ఆకులో సుమారు 10 నుంచి 14 మిల్లీగ్రాముల నికోటిన్ ఉంటుంది. కాలి, పొగగా మారి, తాగేవాని రక్తంలో చేరేది అందులో 1 నుంచి 1.5 మిల్లీగ్రాములు మాత్రమే. ఊపిరితిత్తుల ద్వారా రక్తంలోకి ప్రవేశించిన నికోటిన్ పది, ఇరవై సెకన్లలోనే మెదడును చేరుతుంది. పొగ అలవాటు అంత గట్టిగా పట్టుకోవడానికి ఈ వేగమే ముఖ్య కారణం.

చేరినంత త్వరగానే అది తరుగుతుంది. రక్తంలోని నికోటిన్ సగానికి తగ్గడానికి సగటున రెండు గంటలు చాలు. కణజాలాలలో నిలిచిన కొద్దిపాటి నికోటిన్ మరికొంత మెల్లగా వెలువడుతుంది గాని, చివరి సిగరెట్టు తరువాత రెండు మూడు రోజులకు రక్తంలో నికోటిన్ కోసం వెతికితే ఏమీ దొరకదు. కనుకనే పరీక్షశాలలు నికోటిన్‌ను కాక, దాని నుంచి దేహం తయారుచేసే కోటినిన్‌ను వెతుకుతాయి. కాలేయంలోని సీవైపీ2ఏ6 అనే ఎంజైము మన దేహంలో చేరిన నికోటిన్‌లో 70 నుంచి 80 శాతాన్ని కోటినిన్‌గా మారుస్తుంది. కోటినిన్ సగానికి తగ్గడానికి సగటున 16 గంటలు పడుతుంది. నికోటిన్ వచ్చిపోయే అతిథి అయితే, కోటినిన్ అతడు విడిచిపోయిన చెప్పుల జత వంటిది.

ఈ 16 గంటల లెక్కను ఎవరైనా కాగితం మీద వేసుకోవచ్చు. రోజూ సిగరెట్లు తాగే వ్యక్తి రక్తంలో మిల్లీలీటరుకు 240 నానోగ్రాముల కోటినిన్ ఉన్నదనుకొందాము. మానిన 16 గంటలకు అది 120, 32 గంటలకు 60, రెండు రోజులకు 30 అవుతుంది. 80 గంటలకు ఏడున్నర, నాలుగు రోజులకు నాలుగు కంటె తక్కువ, అయిదో రోజు ముగియకముందే రెండు కంటె తక్కువ. పొగ తాగేవారిని తాగనివారి నుంచి వేరుచేయడానికి ఒకప్పుడు 15 నానోగ్రాములను సరిహద్దుగా పాటించేవారు. ఇటీవలి పరిశోధకులు దానిని 3 వరకు దించారు. ఏ సరిహద్దు తీసుకొన్నా, రక్తపరీక్షలో పొగ జాడ మూడు నుంచి అయిదు రోజులలో చెరిగిపోతుంది.

మూత్రంలో కోటినిన్ గాఢత రక్తంలో కంటె కొన్ని రెట్లు ఎక్కువ. అందుచేత మూత్రపరీక్షలో జాడ మరికొన్ని రోజులు నిలుస్తుంది: సామాన్యంగా వారం, ఎక్కువగా తాగినవారిలో పది రోజులు, ఎంజైము మందకొడిగా పనిచేసే కొందరిలో రెండు మూడు వారాలు. బీమా వైద్యపరీక్షల్లో తరచు వాడే పట్టీలు మిల్లీలీటరుకు 200 నానోగ్రాముల వద్ద స్పందించేటట్లు తయారైనవి గనుక, వాటిలో ఇంకా ముందే జాడ పోతుంది. లాలాజలంలో నిలిచే కాలం దాదాపు రక్తంలో నిలిచే కాలమే. ఊదిన గాలిలో కార్బన్ మోనాక్సైడు కొలిచే పరీక్ష ఒకరోజు వెనుకకు మించి చూడలేదు. నాలుగైదు గంటలకే ఆ వాయువు రక్తంలో సగం తరిగిపోతుంది.

తలవెంట్రుకల సంగతి వేరు. వెంట్రుక నెలకు సుమారు ఒక సెంటీమీటరు పెరుగుతుంది. పెరిగేటప్పుడు రక్తంలో ఉన్నదానిని తనలో బంధించుకొంటుంది. మూడు సెంటీమీటర్ల వెంట్రుక మూడు నెలల దినచర్య పుస్తకం వంటిది. అయితే పొగ గదిలో కూర్చున్నవాని వెంట్రుకకు బయటి నుంచి కూడ నికోటిన్ అంటుకొంటుంది. బ్యారన్ దగ్గర, గ్రేడింగ్ షెడ్డులో పనిచేసేవారి వెంట్రుకలను పరీక్షించి తీర్పు చెప్పడం న్యాయం కాదని నా అభిప్రాయం.

అందరి దేహాలూ ఒకే వేగంతో పనిచేయవు. పైన చెప్పిన ఎంజైమును నిర్దేశించే జన్యువులో తేడాలున్నవారిలో నికోటిన్ మెల్లగా విచ్ఛిన్నమవుతుంది. తూర్పు ఆసియా ప్రజలలో ఇటువంటివారు ఎక్కువ. స్త్రీలలో సగటున పురుషులలో కంటె వేగం ఎక్కువ. గర్భిణులలో మరీ ఎక్కువ: ప్రసవానంతరం 16, 17 గంటలు పట్టే కోటినిన్ అర్ధాయువు గర్భిణిగా ఉన్నప్పుడు తొమ్మిది గంటలకు దిగినట్లు ఒకే స్త్రీలను రెండు దశలలోనూ పరిశీలించిన అధ్యయనంలో తేలింది. కనుక గర్భిణిలో కోటినిన్ తక్కువగా కనిపించినంత మాత్రాన ఆమెకు, కడుపులోని బిడ్డకు సోకిన నికోటిన్ తక్కువని భావించరాదు.

నిమ్మరసం, మజ్జిగ, కొబ్బరినీళ్లు తాగితే ‘ఒంట్లోని పొగాకు కడిగివేసినట్లు పోతుంది’ అన్న నమ్మకం పల్లెల్లోనూ పట్నాల్లోనూ ఉంది. ఇవన్నీ మంచి పానీయాలే. నికోటిన్‌ను విరగగొట్టేది మాత్రం కాలేయం. దానిని నీళ్లు తొందరపెట్టవు. నీళ్లు ఎక్కువగా తాగితే మూత్రం పలచబడి అంకె తగ్గినట్లు కనబడవచ్చు. జాగ్రత్తగా పనిచేసే ప్రయోగశాల క్రియాటినిన్‌తో పోల్చి ఆ తేడాను సరిచేస్తుంది.

చుట్ట, సిగరెట్టు, సున్నం

మన రైతు తాగినది చుట్ట గనుక ఇక్కడ ఒక మాట. బ్యారన్‌లో వేడిగాలికి పక్వం చేసిన వర్జీనియా ఆకులో చక్కెరలు ఎక్కువ. అది కాలినప్పుడు వచ్చే పొగ కొద్దిగా ఆమ్లగుణం కలది. ఆమ్ల మాధ్యమంలో నికోటిన్ లవణ రూపంలో ఉండి నోటి పొరలను సులభంగా దాటలేదు. అందుకే సిగరెట్టు పొగను గుండెలనిండా పీలిస్తే తప్ప తాగినవానికి తృప్తి కలగదు. చుట్ట ఆకును గాలికీ ఎండకూ ఆరబెట్టి మగ్గబెడతారు. దానిలో చక్కెరలు హరించి, పొగ క్షారగుణం పొందుతుంది. క్షార మాధ్యమంలో నికోటిన్ స్వేచ్ఛారూపం దాలుస్తుంది. పొగను మింగకపోయినా బుగ్గలోపలి పొర నుంచే రక్తంలో చేరుతుంది. ఖైనీలో సున్నం నలపడంలోని రహస్యమూ ఇదే. రసాయనశాస్త్రం చదవని మన పెద్దలకు ఈ కిటుకు తెలిసి ఉండడం నాకు ఎప్పుడూ ఆశ్చర్యంగానే ఉంటుంది.

‘నేను పొగ లోపలికి పీల్చను’ అని చుట్ట తాగేవారు చెప్పే సమాధానానికి, కాబట్టి, బలం లేదు. ఉత్తర కోస్తాలో స్త్రీలు నిప్పును నోటిలోపల ఉంచి తాగే అడ్డచుట్ట వల్ల అంగిలి క్యాన్సర్ కలగడం దశాబ్దాలుగా వైద్యగ్రంథాలకెక్కిన విషయం. చుట్ట అయినా, బీడీ అయినా, ముక్కుపొడి అయినా, నమిలే ఆకు అయినా రక్తంలో చేరిన తరువాత నికోటిన్ ఒకటే. మానిన తరువాత పోయే గడువూ ఒకటే. మానడానికి సాయంగా వాడే నికోటిన్ చూయింగ్ గమ్, చర్మంపై అంటించే పట్టీ కూడ కోటినిన్ పరీక్షలో పాజిటివ్‌గానే కనిపిస్తాయి. అటువంటి సందర్భంలో అనబసిన్, అనటబిన్ అనే ఇతర ఆల్కలాయిడ్లను వెతుకుతారు. అవి ఆకులో ఉంటాయి, శుద్ధిచేసిన ఔషధ నికోటిన్‌లో ఉండవు.

మనం తినే కూరగాయల మాటేమిటని ఒకరు అడిగారు. వంకాయ, టమాటా, బంగాళాదుంప పొగాకు కుటుంబానివే. వాటిలో నికోటిన్ లేశమాత్రంగా ఉన్నమాట నిజమే. వంకాయలో గ్రాముకు సుమారు 100 నానోగ్రాములు ఉన్నట్లు కొలిచారు. ఆ లెక్కన ఒక సిగరెట్టు నుంచి వచ్చే ఒక మిల్లీగ్రాము కోసం పది కిలోల వంకాయలు తినవలసి ఉంటుంది. గుత్తివంకాయ కూర మీద అభియోగం మోపనక్కర లేదు.

ఆకులోకి ఎక్కడి నుంచి వస్తుంది

పొగాకు అనగానే ఆకు గుర్తుకు వస్తుంది గాని, నికోటిన్ తయారయ్యేది ఆకులో కాదు, వేరులో. 1940 దశకం తొలినాళ్లలో రే డాసన్ అనే అమెరికన్ శాస్త్రవేత్త టమాటా వేరుమొక్కపై పొగాకును, పొగాకు వేరుమొక్కపై టమాటాను అంటుకట్టి ఈ సంగతిని రుజువు చేశాడు. టమాటా వేరుపై పెరిగిన పొగాకు ఆకులో నికోటిన్ దాదాపు లేదు. పొగాకు వేరుపై పెరిగిన టమాటా ఆకులో నికోటిన్ చేరింది. వేరులో తయారైనది దారునాళాల గుండా పైకి పాకి ఆకులలో నిలువ ఉంటుంది. పురుగు తినకుండా మొక్క చేసుకొన్న ఏర్పాటు ఇది. పొగాకు కషాయాన్ని పేనుబంకపై చల్లడం, ప్రకృతి సేద్యంలో అగ్నిఅస్త్రంలో పొగాకును కలపడం ఆ గుణాన్ని మనం అరువు తెచ్చుకోవడమే.

తల తుంచినప్పుడు మొక్కకు గాయం తగిలిన సంకేతం వేరుకు చేరి నికోటిన్ ఉత్పత్తి పెరుగుతుంది. నత్రజని మోతాదు మించితే పెరుగుతుంది. కింది ఆకుల కంటె పై ఆకులలో నికోటిన్ ఎక్కువ. ఇవన్నీ మేము తరగతి గదుల్లో చెబుతూ వచ్చినవే. రాజమహేంద్రవరంలో 1947లో ఏర్పడిన కేంద్ర పొగాకు పరిశోధన సంస్థ, కందుకూరులోని దాని పరిశోధన స్థానం తేలిక నేలల రైతుకు ఏ నారు, ఎంత ఎరువు, ఎప్పుడు తల తుంచాలి అన్న విషయాలలో ఎంతో మేలు చేశాయి. తీరానికి దగ్గరి బావుల నీటిలో క్లోరైడు మించితే ఆకు సరిగా కాలదని, అటువంటి నీరు పెట్టవద్దని ఎన్ని సభలలో హెచ్చరించామో లెక్కలేదు. ఆకు నాణ్యతను చెడగొట్టే ప్రతిదానిని కొలిచాము. ఆకును కోసే చేతిలోకి ఎంత దిగుతున్నదో కొలవాలని మాకు, సస్యశాస్త్రజ్ఞులకు, తోచలేదు. పంట అంటే చేను అంచు దాకానే అనుకొన్న మా అలవాటు దీనికి కారణం కావచ్చు.

మంచు, చర్మం, పచ్చాకు

జనవరి, ఫిబ్రవరి నెలల్లో కావలి ప్రాంతంలో తెల్లవారుజామున మంచు దట్టంగా కురుస్తుంది. ఆకు రెలవడం సరిగ్గా ఆ వేళకే మొదలవుతుంది. పొద్దెక్కక ముందే ఆకు తెంపి, మోసి, కర్రలకు కట్టి, సాయంత్రానికి బ్యారన్ నింపాలి. ఆకుపై నిలిచిన నీటిలో నికోటిన్ కరుగుతుంది. అమెరికా పొగాకు చేలలో ఇటువంటి మంచునీటిని సేకరించి చూడగా 100 మిల్లీలీటర్లలో 9 మిల్లీగ్రాముల వరకు నికోటిన్ కనిపించింది. తెంపిన ఆకులను చంకన పెట్టుకొని సాలు వెంట నడిచే మనిషికి చొక్కా, చీర, చేతులు అన్నీ తడుస్తాయి. తడిసిన గుడ్డ ఒంటిని అంటిపెట్టుకొని ఉన్నంతసేపు నికోటిన్ చర్మం గుండా దిగుతూనే ఉంటుంది. ఉబ్బరింత, చెమట, గీసుకొన్న చేతులు దానికి మరింత దారి ఇస్తాయి.

దీనివల్ల కలిగే అస్వస్థతకు వైద్యంలో ‘పచ్చి పొగాకు జబ్బు’ అన్న అర్థం వచ్చే పేరున్నది. వికారం, వాంతులు, తలనొప్పి, తలతిరుగుడు, ఒళ్లు తేలిపోవడం దీని లక్షణాలు. పని మొదలుపెట్టిన కొద్ది గంటలకు వచ్చి ఒకటి రెండు రోజుల్లో తగ్గిపోతుంది. 1970లో అమెరికాలోని ఫ్లోరిడా కూలీలలో దీనిని మొదట వర్ణించారు. 1992లో కెంటకీ రాష్ట్రంలో అనేకమంది ఆసుపత్రుల పాలయినప్పుడు అక్కడి ఆరోగ్యశాఖ దృష్టి దీనిపై పడింది. మన దేశం ఇందులో వెనుకబడలేదు. అహమ్మదాబాదులోని జాతీయ వృత్తి ఆరోగ్య సంస్థ శాస్త్రవేత్తలు 1970 దశకం చివరి నుంచే గుజరాత్ పొగాకు కూలీలను పరిశీలించి, వారి మూత్రంలో నికోటిన్, కోటినిన్ ఉండడాన్ని నమోదు చేశారు. రబ్బరు తొడుగులు, పాదరక్షలు ఇచ్చి చూస్తే అవి తగ్గాయని కూడ 1980 దశకంలోనే ప్రచురించారు. ఆ పరిశోధన గుజరాత్ దాటి మన బ్యారన్ల దగ్గరకు రావడానికి ఇంతకాలం పట్టనక్కర లేదు.

మన ప్రాంతంలో ఈ వాంతులను ఎండదెబ్బ అనో, వేడి చేసిందనో, చల్లిన పురుగుమందు పడలేదనో సరిపెట్టుకొంటారు. పురుగుమందు అనుమానం ప్రమాదకరం కూడ. రెండింటికీ చికిత్స వేరు. వైద్యుని వద్దకు వెళ్లినప్పుడు ‘ఉదయం పచ్చాకు రెలిచాను’ అన్న ఒక్క మాట చెప్పడం అవసరం. ఇంకొక విశేషం, పొగ తాగే అలవాటున్నవారికి ఈ జబ్బు తక్కువగా కనిపిస్తుంది. వారి దేహం నికోటిన్‌కు మరిగి ఉండడమే అందుకు కారణం. అంటే బాధ ఎక్కువగా పడేది జీవితంలో ఎన్నడూ చుట్ట ముట్టని ఆడకూలీలు, కొత్తగా పనిలోకి వచ్చిన పిల్లకాయలు.

రెలుపు సాగేకొద్దీ కింది ఆకుల నుంచి పై ఆకులకు వెళతాము. చేతికి తగిలే ఆకులో నికోటిన్ వారం వారం పెరుగుతుంది; మంచు మాత్రం ఫిబ్రవరి నడిమికి పలచబడుతుంది. ఈ రెండింటి కలయికలో ఏ వారం ఎక్కువ హానికరమో మన నేలల్లో కొలిచి చెప్పవలసిన బాధ్యత పరిశోధన కేంద్రాలది. ఒక స్నాతకోత్తర విద్యార్థి ఒక్క సీజను పని ఇది.

ఆ కాగితాన్ని ఎలా చదవాలి

ఇప్పుడు మన రైతు దగ్గరకు వద్దాము. కోటినిన్ ఉన్నదని పరీక్ష చెప్పింది; అది అబద్ధం కాదు. ‘పొగ తాగాడు’ అన్నది పరీక్ష చెప్పిన మాట కాదు, చదివినవారు చెప్పుకొన్న మాట. నోటి దారిన వచ్చినా చర్మం దారిన వచ్చినా కాలేయానికి తేడా తెలియదు. అనబసిన్ వెతికినా ప్రయోజనం లేదు. అది కూడ ఆకులోదే గనుక పచ్చాకు పట్టినవాని దేహంలో చేరడానికి అవకాశముంది. ఊపిరిలో కార్బన్ మోనాక్సైడు పరీక్ష కొంత నయం, పొగ తాగనివానిలో అది తక్కువగా ఉండాలి. కాని రాత్రంతా కట్టెల మంట వేసి బ్యారన్ కాసిన మనిషిలో ఆ పొగ వల్ల కూడ అది పెరుగుతుంది.

సిద్ధాంతరీత్యా ఒక దారి ఉంది. పొగాకుకు ప్రత్యేకమైన నైట్రోసమైన్లు అనే క్యాన్సర్ కారకాలు పచ్చాకులో అత్యల్పం. ఆకును పక్వం చేసేటప్పుడు, నిలువ ఉంచినప్పుడు అవి ఏర్పడతాయి. వాటి నుంచి దేహంలో తయారయ్యే ఎన్ఎన్ఏఎల్ అనే పదార్థం మూత్రంలో వారాల తరబడి నిలుస్తుంది; పొగ మానిన ఆరు వారాలకు, అంతకు మించి కూడ దీనిని గుర్తించవచ్చు. కోటినిన్ ఎక్కువగా ఉండి ఇది లేకుంటే, నికోటిన్ పచ్చాకు నుంచి వచ్చినదని ఊహించడానికి ఆధారం దొరుకుతుంది. ఈ పరీక్ష సాధారణ రక్తపరీక్ష కేంద్రాలలో చేసేది కాదు. మండెల దగ్గర, గ్రేడింగ్‌లో పండిన ఆకు దుమ్ము పీల్చేవారి విషయంలో ఈ ఆధారమూ పలచబడుతుంది.

సామాన్య రైతుకు మిగిలిన మార్గం కాలమే. ఆకు పని ముగిసి, పొగాకుకు పూర్తిగా దూరంగా రెండు మూడు వారాలు గడిపి, మళ్లీ అదే పరీక్ష చేయించుకోవాలి. రహస్యంగా తాగేవాడైతే ఏ నెలలోనైనా కోటినిన్ కనిపిస్తుంది; పచ్చాకు వల్ల వచ్చినదైతే చేనితోపాటే పోతుంది. దరఖాస్తులో వృత్తి అన్నచోట ‘వ్యవసాయం’ అని ఊరుకోక ‘పొగాకు సాగు, ఆకు రెలుపు’ అని రాయడం కూడ మేలు. బీమా సంస్థల వైద్యాధికారులు, ఉద్యోగ నియామకాలలో ఈ పరీక్ష కోరేవారు నెల్లూరు, ప్రకాశం జిల్లాల దరఖాస్తుదారును ‘గత వారం పచ్చి పొగాకు పట్టారా?’ అని ఒక్క ప్రశ్న అడిగితే చాలా అపవాదులు తప్పుతాయి.

పొగ మానదలచినవారికి ఈ గడువులు వేరొక విధంగా ఉపకరిస్తాయి. నికోటిన్ దేహాన్ని వీడే రెండు మూడు రోజులే చిరాకు, నిద్రలేమి, పరధ్యానం అన్నిటికంటె తీవ్రంగా ఉండే రోజులు. ఆ బాధ రెండు నుంచి నాలుగు వారాల్లో బాగా తగ్గుతుంది. మెదడులో నికోటిన్‌కు అలవాటుపడి సంఖ్య పెరిగిన గ్రాహకాలు మామూలు స్థితికి రావడానికి ఆరు నుంచి పన్నెండు వారాలు పడుతుంది. మూత్రంలో ఏమీ లేకపోయినా నెల తరువాత యావ కలగడం కాబట్టి వింత కాదు, బలహీనతా కాదు. 1800-112-356 జాతీయ సహాయ సంఖ్యకు ఫోను చేస్తే ఉచితంగా సలహా ఇస్తారు. పొగాకు పండించేవారు కూడ చేయవచ్చు. పండించినందుకు తాగి తీరాలన్న నియమం లేదు.

ఇక చేనులోని జాగ్రత్తల గురించి చెప్పడం తేలిక, చేయడం కష్టం. మంచు ఆరాక రెలవమంటే బ్యారన్ నిండదు. కూలీ గంటలు పెరుగుతాయి. రబ్బరు తొడుగులు వేసుకొంటే చెమటకు చేతులు నానుతాయి, ఆకు జారి నలుగుతుంది. అందుచేత నేను మొదట అడిగేది చిన్న పని. చేను అంచున, బ్యారన్ దగ్గర ఒక తొట్టి నీళ్లు, సబ్బు ఉంచాలి. అమెరికాలో పొగాకు కోసినవారి చేతులపై ఉన్న నికోటిన్‌లో 96 శాతం సబ్బుతో కడిగితేనే పోయినట్లు కొలిచారు. అన్నానికి కూర్చునే ముందే కాక, పని మధ్యలో ఒకసారి, పని దిగగానే ఒకసారి కడగాలి. తడిసిన చొక్కా మార్చుకోవడానికి పొడిది వెంట తెచ్చుకోవాలి. నడుముకు, చంకకు ప్లాస్టిక్ పట్టా చుట్టుకొన్నా చాలావరకు తడి ఆగుతుంది. ఆకు రెలిచిన బట్టలను పిల్లల బట్టలతో కలిపి ఉతకరాదు. గర్భిణులను, పాలిచ్చే తల్లులను, పిల్లలను తడి ఆకు పనికి పిలవరాదు. నికోటిన్ తల్లి రక్తంలో కంటె పాలలో సుమారు మూడురెట్లు గాఢంగా చేరుతుంది. అప్పుడే పుట్టిన శిశువు దేహం దానిని పెద్దల కంటె చాలా నెమ్మదిగా వదిలించుకొంటుంది.

ఆ రైతు ఎండాకాలంలో, బేళ్లన్నీ వేలానికి వెళ్లిపోయాక, నెల్లూరులోని కుమార్తె ఇంట మూడు వారాలు ఉండి మళ్లీ పరీక్ష చేయించుకొన్నారు. కోటినిన్ కనిపించలేదు. బీమా వారు కొత్త దరఖాస్తు పెట్టమన్నారట. అది ఏమయిందో నేను అడగలేదు. ఫోనులో ఆయన ఆ విషయం రెండు మాటల్లో ముగించి, వేరే సంగతి ఎత్తారు. వారి ఇంటామె ఇరవై ఏళ్లుగా బ్యారన్ దగ్గర కర్రలకు ఆకు కడుతున్నారు. ప్రతి ఏడాది సంక్రాంతి తరువాత ఆమెకు వాంతులు, తలతిరుగుడు వస్తాయి. పైత్యమని శొంఠి కషాయం తాగి పడుకొంటారు. “ఆమె ఏనాడూ చుట్ట తాకలేదు సారూ. ఆమెకీ ఆ పరీక్ష చేయిస్తే ఏమొస్తాది?” అని అడిగారు.

రెలుపు రోజుల్లో చేయిస్తే పాజిటివ్ రావచ్చని చెప్పాను. వచ్చే సీజనుకు ముందు ఆమెను వెంటబెట్టుకొని రమ్మన్నాను.